మెగారాప్టర్ ఎవరి బంధువు? అడుగు దాటిన గోరుతో మొదలైన ఒక వర్గీకరణ కేసు

కశేరుక శిలాజాల పాఠంలో వర్గీకరణ దగ్గరికి వచ్చినప్పుడు నేను టైరనోసారస్ జోలికి పోను. దాని పన్ను చూపించినా తల చూపించినా విద్యార్థులు ఇట్టే గుర్తుపట్టేస్తారు, ఇక తర్కించడానికి ఏమీ మిగలదు. అందుకే మెగారాప్టర్‌ని ముందు పెడతాను. 1998లో పేరు పెట్టిన దగ్గర్నుంచి ఈ మాంసాహార డైనోసార్‌ను పరిశోధకులు కనీసం నాలుగు వేర్వేరు కొమ్మల మీద కూర్చోబెట్టారు. అలా మార్చిన ప్రతిసారీ చేతిలో ఒక ఆధారం ఉంది, అది మరీ కొట్టిపారేయదగ్గదేమీ కాదు. ఆ ఆధారాలను వచ్చిన వరసలోనే విప్పి చూస్తే ఈ పని లోపల ఎలా నడుస్తుందో బాగా అర్థమవుతుంది.

ముందే ఒక మాట. అసలు ఎముకలు అర్జెంటీనా మ్యూజియాల్లో ఉన్నాయి. నేను పనిచేసేది ప్రచురితమైన వర్ణనలు, ఫొటోలు, కొలతలు, లక్షణాల పట్టికలతోనే. వంశవృక్షాలు గీసేవాళ్లలో చాలామంది పని ఇలాగే సాగుతుంది కాబట్టి, ఈ కేసును కూడా ఆ బల్ల దగ్గర నుంచే చెబుతున్నాను.

దొరికింది నాలుగు ముక్కలు

1996లో అర్జెంటీనా శిలాజ శాస్త్రవేత్త ఫెర్నాండో నోవాస్‌కు పటగోనియాలోని నెవుకెన్ రాష్ట్రంలో, సియెర్రా డెల్ పోర్టెసుయెలో అనే కొండల దగ్గర ఈ జంతువు అవశేషాలు దొరికాయి. అక్కడి రాతిపొరల పేరు పోర్టెసుయెలో ఫార్మేషన్, వయసు సుమారు 9 కోట్ల ఏళ్లు. రెండేళ్ల తర్వాత 1998లో ఆయన దానికి మెగారాప్టర్ నామున్‌హువైకీ అని పేరు పెట్టారు. ఆ పేరుకు ఆధారమైన నమూనా, అంటే హోలోటైప్, ప్లాసా హువింకుల్ పట్టణంలోని కార్మెన్ ఫ్యూనెస్ మ్యూజియంలో ఎంసీఎఫ్-పీవీపీహెచ్ 79 అనే నంబరుతో ఉంది.

ఆ నమూనాలో ఉన్నవి ఇవే: ముంజేతి ఎముకల్లో ఒకటైన అల్నా, ఒక వేలి ఎముక, పాదంలో వేళ్లకు వెనకుండే పొడవాటి ఎముకల్లో మూడోది, అంటే మూడో మెటాటార్సల్‌లో కొంత భాగం, ఒక పెద్ద గోటి ఎముక. తల లేదు, పళ్లు లేవు, వెన్నుపూస ఒక్కటీ లేదు, తుంటి లేదు. ఉన్నవాటిలో చూడగానే కళ్లు నిలిచిపోయేది గోరు. ఎముక ఒక్కటే అడుగు దాటుతుంది. బతికున్నప్పుడు దాని మీద కొమ్ములాంటి పదార్థంతో తొడుగు ఉంటుంది కాబట్టి అసలు గోరు ఇంకా పొడవు.

ఆ గోరు పాదానిదని, రెండో కాలివేలిదని 1998లో అనుకున్నారు. ఇది ఎగతాళి చేయాల్సిన ఊహ కాదు. అప్పటి వాతావరణం గుర్తు చేసుకోవాలి. 1969లో జాన్ ఆస్ట్రమ్ డైనోనైకస్‌ను వర్ణించినప్పటి నుంచి, రెండో కాలివేలి మీద కొడవలిలాంటి గోరు అంటే వెలోసిరాప్టర్ లాంటి వేటజంతువులుండే డ్రోమియోసారిడ్ కుటుంబం అన్న గుర్తు స్థిరపడిపోయింది. 1993లో అమెరికాలోని యూటా నుంచి యూటారాప్టర్ వచ్చి, ఆ తరహా గోళ్లు భారీ జంతువులకూ ఉండేవని చూపించింది. ఇంకా దగ్గరి సంగతి, మెగారాప్టర్ దొరికిన ఆ పోర్టెసుయెలో పొరల నుంచే నోవాస్, పుయెర్తా కలిసి 1997లో యునెన్‌లాగియా అనే పక్షిలాంటి డైనోసార్‌ను ప్రకటించారు. అలాంటి చోట సన్నగా, బాగా వంకర తిరిగి, పక్కల నుంచి నొక్కినట్టున్న గోరు కనిపిస్తే చూపు ఎటు పోతుంది?

గోరును దగ్గరగా చూస్తే

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే కేసు మొత్తానికీ ముడి ఇక్కడే పడింది.

థెరోపాడ్ డైనోసార్ల, అంటే రెండు కాళ్ల మీద నడిచే, ఎక్కువగా మాంసాహారులైన డైనోసార్ల కాలిగోరు మామూలుగా ఎలా ఉంటుంది? వంపు తక్కువ, అడుగుభాగం వెడల్పుగా, కొంచెం చదునుగా ఉంటుంది. బరువు మోస్తూ నేల మీద ఆనే గోరు మరి. గోటి మొదట్లో, కీలుకు కాస్త కింద ఒక బొడిపె ఉంటుంది. గోరును లోపలికి వంచే స్నాయువు అతుక్కునేది అక్కడే. కాలిగోటిలో ఆ బొడిపె చిన్నది, చేతిగోటిలో పెద్దది. చేతిగోరు పట్టుకోవడానికి, చీల్చడానికి పనికొచ్చేది కాబట్టి వంపు ఎక్కువ, మందం తక్కువ. ఇంతవరకూ చిక్కు లేదు, ఎవరైనా వేరు చేసేస్తారు.

చిక్కల్లా డ్రోమియోసారిడ్ల రెండో కాలివేలితోనే. ఆ వేలు నేలకు ఆనదు. దాని గోరు కూడా ఆయుధమే, అందుకని అది చేతిగోటి రూపు తెచ్చుకుంది. వంపు బాగా ఎక్కువ, పక్కలు నొక్కుకుపోయి ఉంటాయి, వంచే బొడిపె పెద్దది. అంటే కాలిగోళ్లలో చేతిగోరులా కనిపించేది అదొక్కటే. మెగారాప్టర్ గోరు సన్నగా ఉండి, లోపలివైపు అంచు కత్తిలా పదును తేలి ఉంది. విడిగా దొరికిన అలాంటి గోటిని చేతిలోకి తీసుకుంటే ముందున్నవి రెండే దారులు: ఇది చాలా పెద్ద చేతిగోరు, లేదా ఇది కొడవలి కాలిగోరు. అంత పెద్ద చేతిగోరు ఉన్న ఆ కాలపు పటగోనియా వేటజంతువు అప్పటికి ఎవరికీ తెలియదు.

అయినా నోవాస్ దాన్ని నేరుగా డ్రోమియోసారిడ్ అనలేదు. కొయెలురోసారియాలో ఉంచారు. పక్షులు, టైరనోసారస్, డ్రోమియోసారిడ్లు అన్నీ చేరే పెద్ద గుంపు అది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

చెయ్యి దొరికింది

నెవుకెన్‌లోనే లోస్ బారియాలెస్ సరస్సు ఒడ్డున హోర్హే కాల్వో బృందం తవ్విన చోటు ఒకటి ఉంది. ఫుటలోన్‌కోసారస్ అనే భారీ శాకాహారి బయటపడ్డది కూడా అక్కడే. అక్కడ మెగారాప్టర్‌దే రెండో నమూనా ఒకటి దొరికింది, నంబరు ఎంయూసీపీవీ 341. కాల్వో, పోర్ఫిరి, నోవాస్ తదితరులు 2004లో దాన్ని వర్ణించారు. ఇందులో ముంజేయి, దాదాపు పూర్తి చెయ్యి, ఒక మెడ వెన్నుపూస, తోక వెన్నుపూసలు, భుజం ఎముకలు, తుంటిలోని ప్యూబిస్ ఎముక ఉన్నాయి. ఆ భారీ గోరు ఉన్నది బొటనవేలికి. 1998 నాటి ఊహ అక్కడితో ముగిసింది, ముగించిన కాగితం మీద నోవాస్ పేరూ ఉంది.

ఆ చెయ్యి వింతగా ఉంది. మొదటి వేలికి, రెండో వేలికి పెద్ద గోళ్లు, మూడో వేలు చిన్నది. నాలుగో వేలు లేదు గానీ దాని అరచేతి ఎముక చిన్న ముక్కగా ఇంకా మిగిలే ఉంది. పురాతన థెరోపాడ్లలో కనిపించే లక్షణం అది. అల్నా ఎముకకు మోచేతి దగ్గర పొడుచుకొచ్చిన భాగం బ్లేడులా పల్చగా, పొడుగ్గా సాగి ఉంటుంది. మోచేతిని చాచే ట్రైసెప్స్ కండరం అతుక్కునేది అక్కడే కాబట్టి, ముంజేతిని గట్టిగా విసిరి చాచగల జంతువని అనుకోవచ్చు. ఈ బ్లేడు ఆకారం ఎంత ప్రత్యేకమైనదంటే, 2008లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం, డైనోసార్ కోవ్‌లో దొరికిన అల్నా ఒక్కదాన్నే చూసి, అది మెగారాప్టర్ తరహా జంతువుదని స్మిత్ బృందం ప్రచురించింది.

ఒక పక్క మాట. ఎముకలు విడివిడిగా దొరకడం పటగోనియా వాళ్ల కష్టమే కాదు. మన తెలంగాణలో ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ ఎముకలు కనీసం 12 జంతువులవి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన అస్థిపంజరం అలా పలు జంతువుల ఎముకలు కలిపి కట్టినదే. అక్కడ అన్నీ ఒకే జాతివి, శాకాహారివి కాబట్టి నడిచింది. రెండు మూడు జాతుల మాంసాహారుల ఎముకలు ఒకే గుంటలో కలిస్తే ఏ గోరు ఎవరిదో తేల్చడానికి తలప్రాణం తోకకొస్తుంది.

జపాన్‌లో ఫుకుయి దగ్గర దొరికిన ఫుకుయిరాప్టర్‌కూ అచ్చం ఇదే జరిగింది. దాని చేతిగోటిని మొదట కాలిగోరు అనుకుని డ్రోమియోసారిడ్ల వైపు చూశారు. 2000లో అజుమా, కరీ సవివరంగా వర్ణించేసరికి అది చేతిదని తేలింది. ఇప్పుడు ఫుకుయిరాప్టర్‌ను మెగారాప్టర్ బంధువుల్లోనే లెక్కిస్తారు. రెండు ఖండాల్లో, ఒకరితో ఒకరికి సంబంధం లేని బృందాలు ఒకే పొరపాటు దగ్గర ఆగాయంటే, దోషం చూసిన కళ్లది కాదు. ఆ గోరే అలాంటిది.

ఒక పోలిక పోయి ఇంకో పోలిక

గోరు చేతికి మారాక మెగారాప్టర్‌కు ఒక్కసారిగా ఇల్లు లేకుండా పోయింది. 2004 వర్ణన దాన్ని టెటాన్యురే అనే మరీ పెద్ద గుంపులో కింది కొమ్మ మీద పెట్టి ఊరుకుంది. టెటాన్యురే అంటే గట్టి తోక ఉన్న థెరోపాడ్లు అన్నంత విశాలమైన పేరు, దాదాపు ఏమీ చెప్పనట్టే. ఆ తర్వాత నాలుగేళ్లలో వచ్చిన విశ్లేషణల్లో కొన్ని స్పైనోసారస్ బంధువుల దగ్గర, కొన్ని జిగానోటోసారస్ ఉండే కార్కరోడోంటోసారిడ్ల దగ్గర దీన్ని చేర్చాయి.

స్పైనోసారాయిడ్ అన్న ఆలోచన ఎక్కడిదో తేలిగ్గానే ఊహించవచ్చు. 1983లో ఇంగ్లండ్‌లోని సర్రీలో, ఇటుకల కోసం మట్టి తవ్వే గుంటలో విలియం వాకర్ అనే శిలాజాల ఔత్సాహికుడికి అడుగు పొడవున్న గోరు దొరికింది. అది బారియోనిక్స్ అయింది, 1986లో చారిగ్, మిల్నర్ పేరు పెట్టారు. బారియోనిక్స్‌ది కూడా చేతిగోరే, దాని బంధువులూ బలమైన ముంజేతులు, పెద్ద బొటనవేలి గోళ్లు ఉన్నవే. నా అభిప్రాయంలో ఇది మొదటి పొరపాటుకు తోబుట్టువు. మొదట గోరు చూసి డైనోనైకస్ గుర్తొచ్చింది, తర్వాత అదే గోరు చూసి బారియోనిక్స్ గుర్తొచ్చింది. రెండుసార్లూ తీర్పు చెప్పింది గోరే.

అసలు మెలిక ఇక్కడుంది. మెగారాప్టర్ చెయ్యి ఆ జంతువులో అన్నిటికన్నా ఎక్కువ మారిపోయిన భాగం. అంతగా మారిన భాగం ఆ గుంపును గుర్తుపట్టడానికి అద్భుతంగా పనికొస్తుంది. ఆ గుంపు ఎవరి నుంచి విడిపోయిందో చెప్పడానికి మాత్రం దాదాపు పనికిరాదు. ఒకింటి అన్నదమ్ములందరికీ ఒకే తీరు ముక్కు ఉంటే వాళ్లు అన్నదమ్ములని తెలుస్తుంది గానీ, వాళ్ల తాత ఏ ఊరి నుంచి వచ్చాడో ఆ ముక్కు చెప్పదు.

పట్టిక దగ్గర కూర్చుంటే ఇది కళ్లకు కడుతుంది. లక్షణాల పట్టికలో ఒక్కో జంతువుకు ఒక్కో వరస, ఒక్కో లక్షణానికి ఒక్కో గడి. లక్షణం ఉంటే 1, లేకపోతే 0, ఎముకే దొరకకపోతే ప్రశ్నార్థకం. హోలోటైప్ ఒక్కదాన్నే నింపితే మెగారాప్టర్ వరస దాదాపు అంతా ప్రశ్నార్థకాలే. అల్నా దగ్గర, వేలి దగ్గర, పాదం దగ్గర నాలుగు అంకెలు, మిగతాదంతా ఖాళీ. కంప్యూటర్ ఏం చేస్తుందంటే, మొత్తం మీద అతి తక్కువ మార్పులతో సరిపోయే వృక్షాన్ని వెతుకుతుంది. ప్రశ్నార్థకాల వరస దాదాపు ఎక్కడ పెట్టినా లెక్క పెద్దగా పెరగదు, అందువల్ల అలాంటి జంతువు ఒక్కో వృక్షంలో ఒక్కో కొమ్మ మీద తేలుతుంది. ఉన్న కాసిని అంకెలూ చేతివే అయినప్పుడు, చేతులు బలంగా ఉన్న గుంపు ఏది కనిపిస్తే అటు జారిపోతుంది. 2004 నమూనా చెయ్యిని పూర్తి చేసింది గానీ తలను ఇవ్వలేదు. పట్టికలో తల లక్షణాలకు ఉండే పెద్ద వాటా అప్పటికీ ఖాళీయే.

ఒంటరి కాదని తేలాక

2008, 2009 సంవత్సరాలు ఈ కేసుకు మలుపు. మెగారాప్టర్ గురించి కొత్తగా ఏమీ దొరకలేదు. దాని చుట్టాలు దొరికారు.

అర్జెంటీనాలోని మెండోసా రాష్ట్రం నుంచి సెరెనో బృందం 2008లో ఏరోస్టియాన్‌ను వర్ణించింది. దాని ఎముకల నిండా గాలిగదులే. వెన్నుపూసల్లోనే కాదు, తుంటి ఎముక ఇలియంలో, ఛాతీ ముందుండే వీ ఆకారపు ఎముక విష్‌బోన్‌లో, పొట్ట అడుగున ఉండే సన్నని ఎముకల్లో కూడా. పక్షుల్లో ఊపిరితిత్తులకు అనుబంధంగా ఉండే గాలితిత్తుల వ్యవస్థ ఈ జంతువుల్లోనూ ఉండేదని చెప్పడానికి అది మంచి ఆధారమైంది. అదే ఏడు పటగోనియా దక్షిణాన శాంటాక్రూజ్ నుంచి ఓర్కోరాప్టర్ వచ్చింది. 2009లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్, వింటన్ దగ్గర దొరికిన ఆస్ట్రలోవెనేటర్‌ను హాక్‌నల్ బృందం వర్ణించింది. ఆస్ట్రేలియాలో దొరికిన మాంసాహార డైనోసార్లలో అంత పూర్తిగా దొరికింది మరొకటి లేదు. తర్వాత దాని చెయ్యి ఎముకలు కూడా బయటపడితే 2012లో వైట్ తదితరులు వర్ణించారు. అదే తీరు చెయ్యి, అవే గోళ్లు.

వీటన్నిటినీ కలిపి 2010లో బెన్సన్, కరానో, బ్రుసాటి ముగ్గురూ మెగారాప్టోరా అని కొత్త గుంపు కట్టారు. ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవి నుంచి వచ్చిన నియోవెనేటర్‌తో దీన్ని కలిపి నియోవెనేటరిడే అన్నారు, మొత్తాన్నీ అలోసారస్ బంధువులైన అలోసారాయిడ్లలో పెట్టారు. నియోవెనేటర్ ఇలియంలో కూడా గాలిగదులున్నాయి. మెగారాప్టర్ కేసులో మొదటిసారి వాదన గోరు మీద కాకుండా వెన్నుపూసలు, తుంటి మీద నిలబడింది. పద్ధతి పరంగా ఇది పెద్ద ముందడుగు. ఆ పరిశోధనలో చెయ్యి చేసిన పని బంధువులను ఒక గుంపుగా కట్టడం, నడుము చేసిన పని ఆ గుంపుకు చోటు వెతకడం. ఏ భాగానికి ఏ పని అప్పగించాలో అలాగే ఉంది.

ఇందులో ఇంకో పెద్ద పర్యవసానం ఉంది. కార్కరోడోంటోసారిడ్ల లాంటి అలోసారాయిడ్లు, డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ మధ్య భాగంలోనే వెనకబడిపోయాయని, ఆ తర్వాత ఉత్తరాన టైరనోసార్లు, దక్షిణాన పొట్టి చేతుల అబెలిసారిడ్లు రాజ్యమేలాయని అప్పటిదాకా చెప్పుకునేవాళ్లు. మెగారాప్టర్లు అలోసారాయిడ్లయితే ఆ పాత వంశం డైనోసార్ల చివరి రోజుల దాకా బతికిందన్నమాట. 2010 ప్రచురణ శీర్షికలోనే ఆ సంగతి పెట్టారు.

ఇండియా సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. మనదీ దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్న గోండ్వానా ముక్కే అయినా, మెగారాప్టర్ గుంపు ఆనవాళ్లేవీ ఇక్కడ వర్ణితం కాలేదు. నర్మదా లోయ లమేటా పొరల్లో దొరికే రాజాసారస్ లాంటి పెద్ద మాంసాహారులు అబెలిసారిడ్లు. వాటి చేతులు గోళ్ల మాట అటుంచి, మోచేతులే కష్టంగా కనిపించేంత పొట్టివి.

తల వచ్చింది, కథ మళ్లీ తిరిగింది

2013లో నోవాస్ బృందం పటగోనియా మాంసాహారుల మీద రాసిన పెద్ద సమీక్షలో మెగారాప్టర్లను అలోసారాయిడ్ల నుంచి తీసి టైరనోసారాయిడ్లలో పెట్టింది. అంటే అవి టి. రెక్స్ వైపు చుట్టాలన్నమాట. వినగానే ఎవరికైనా ముందు వచ్చే అభ్యంతరం చేతుల గురించే: ఒకటి పొట్టి చేతుల రాజు, ఇంకోటి పొడుగు చేతుల వేటగాడు, వీళ్లు దాయాదులెలా అవుతారు? ఆ అభ్యంతరం నిలబడదు. పొట్టి చేతులు టైరనోసారిడ్ల కుటుంబానికి తర్వాత వచ్చిన లక్షణం. చైనా జురాసిక్ పొరల నుంచి 2006లో వచ్చిన గ్వాన్‌లాంగ్ లాంటి తొలి టైరనోసారాయిడ్లకు మూడు వేళ్ల పొడుగు చేతులే ఉన్నాయి. అక్కడి నుంచి ఒక కొమ్మ చేతులు తగ్గించుకుని తల పెంచుకుంది, ఇంకో కొమ్మ చేతులు పెంచుకుంది అనుకోవడంలో అసాధ్యమేమీ లేదు.

2014లో పోర్ఫిరి, నోవాస్, కాల్వో తదితరులు బలమైన ఆధారం తెచ్చారు. లోస్ బారియాలెస్ సరస్సు దగ్గరి ఆ తవ్వకాల నుంచే వచ్చిన ఒక పిల్ల మెగారాప్టర్, నంబరు ఎంయూసీపీవీ 595. అందులో తల ఎముకలు కొన్ని ఉన్నాయి. మూతి పొడుగ్గా, ఎత్తు తక్కువగా ఉంది. మూతి చివరి ఎముక ప్రీమాక్సిల్లాలోని పళ్లు చిన్నవి, కోతపళ్ల తీరువి. ముందు పళ్లు వెనక పళ్ల కన్నా చిన్నవై, ఆకారం మార్చుకోవడం టైరనోసారాయిడ్లకు పేరుమోసిన గుర్తు. పట్టికలో తల గడులు నిండటం మొదలైంది, వృక్షం అటు మొగ్గింది.

నేను ఇక్కడ విద్యార్థులకు రెండు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి, అది పిల్ల. థెరోపాడ్ పిల్లల తలలు పెద్దవాటికన్నా పొడుగ్గా, సన్నగా ఉండటం మామూలే. ఉత్తర అమెరికా టైరనోసార్లలో సన్నని పిల్లలు వేరే జాతా కాదా అని దశాబ్దాలుగా గొడవ నడుస్తూనే ఉంది. కాబట్టి మూతి పొడవు లాంటి లక్షణానికి గుడ్డిగా 1 వేసేయకూడదు. ముందు పళ్ల ఆకారం మాత్రం పిల్లైనా పెద్దయినా కాస్త నమ్మదగ్గది. రెండో జాగ్రత్త, ఆ నమూనాను మెగారాప్టర్‌దే అని కట్టే ఆధారాన్ని విడిగా చూసుకోవడం. గోరు కాలిదా చేతిదా అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో, ఈ తల ఆ ఒంటిదేనా అన్నదీ అంతే ముఖ్యం.

ఇక ఎదురు పక్షం. 2016లో కోరియా, కరీ వర్ణించిన మురుస్‌రాప్టర్ కూడా నెవుకెన్‌దే, పూర్తిగా ఎదగనిదే, కానీ మెదడు పెట్టె చాలా బాగా నిలిచింది. మరుసటి ఏడు పౌలినా-కరబహాల్, కరీ కలిసి దాన్ని పరిశీలించి, మెదడు, లోపలి చెవి, గాలిగదుల అమరిక టైరనోసారిడ్లంత సంక్లిష్టం కాదని, అలోసారాయిడ్లను పోలి ఉందని చూపించారు. ఇది టైరనోసారాయిడ్ ఆలోచనకు గొడ్డలిపెట్టా? నా లెక్కలో కాదు. పోల్చింది టైరనోసారిడ్లతో, అంటే ఆ వంశంలో చివరగా వచ్చిన, బాగా మారిపోయిన కుటుంబంతో. మెగారాప్టర్లు ఆ కుటుంబం ఏర్పడక ముందే విడిపోయి ఉంటే వాటి మెదడు పెట్టె పాతరకంగా ఉండటం సహజమే. అలోసారస్‌తో పోలిక అంటే ఇక్కడ పాత లక్షణాలు మిగిలి ఉండటమే కావచ్చు. పాత లక్షణం నిలిచి ఉండటం చుట్టరికానికి సాక్ష్యం కాదు, నాలుగో అరచేతి ఎముక ముక్కకూ ఇదే వర్తిస్తుంది. అలాగని టైరనోసారాయిడ్ పక్షం గెలిచిందనీ నేను అనను. ఆ పరిశీలన ఆ పక్షానికి కొత్తగా ఏమీ కలపలేదు.

గాలిగదుల వాదన ఇప్పుడు ఎంత బలంగా ఉంది? 2010లో అది అలోసారాయిడ్ పక్షానికి వెన్నుదన్ను. కానీ ఎముకల్లోకి గాలితిత్తులు చొచ్చుకుపోవడం థెరోపాడ్లలో పలు శాఖల్లో, పలు మోతాదుల్లో జరిగింది. ఒంటి బరువు తగ్గించే ఏర్పాటు కాబట్టి పెద్ద జంతువుల్లో విడివిడిగా పుట్టే అవకాశం ఎక్కువ. నేనైతే పట్టికలో గాలిగదుల లక్షణాలను వెన్నుపూసకొకటి, తుంటికొకటి, పక్కటెముకకొకటి అని విడగొట్టి లెక్కించేటప్పుడు అనుమానంగానే చూస్తాను. ఒకే ఏర్పాటుకు నాలుగు ఓట్లు పడే ప్రమాదం అందులో ఉంది.

ఇప్పుడు ఎక్కడ నిలిచింది

ఇటీవలి విశ్లేషణల్లో ఎక్కువ భాగం మెగారాప్టర్లను కొయెలురోసారియాలో పెడుతున్నాయి. కొన్ని టైరనోసారాయిడ్ల లోపల, కొన్ని వాటి పక్కన, కొన్ని ఇంకాస్త కింద. 1998లో నోవాస్ పెట్టింది కూడా ఆ గుంపులోనే. అప్పటి వాదనకు మూలమైన గోరు మాత్రం కాలిది కాదు. సరైన గదికి వేరే తలుపు గుండా వెళ్లినట్టయింది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

భూగోళం కోణం నుంచి చూస్తే పాత కొమ్మలు ఆసియా వైపు కనిపిస్తున్నాయి. జపాన్ ఫుకుయిరాప్టర్, థాయ్‌లాండ్ నుంచి 2019లో వచ్చిన ఫువియాంగ్‌వెనేటర్ అలాంటివి. తర్వాతవి ఆస్ట్రేలియా, పటగోనియాల్లో. విక్టోరియా నుంచి 2010లో టైరనోసారాయిడ్‌దిగా ప్రకటించిన ఒక ప్యూబిస్ కూడా మెగారాప్టర్ గుంపుదే కావచ్చని తర్వాత కొందరు అన్నారు. రెండు గుంపుల తుంటి ఎముకలు అంతగా కలుస్తున్నాయన్నది కూడా ఒక ఆధారమే. 2022లో శాంటాక్రూజ్ నుంచి వచ్చిన మైప్ మాక్రోథొరాక్స్ 9 నుంచి 10 మీటర్ల పొడవు ఉంటుందని అంచనా, క్రెటేషియస్ చివరి దశకు చెందింది. అంటే ఉత్తరాన టి. రెక్స్ వంశం ఎదుగుతున్న కాలంలోనే దక్షిణాన ఈ గోళ్ల వంశమూ భారీగా ఎదిగింది.

2025 సెప్టెంబరులో ఇబిరికు బృందం చుబుట్ రాష్ట్రం నుంచి హోవాకీన్‌రాప్టర్ కసాలిని ప్రకటించింది. సుమారు 7 మీటర్లు, చనిపోయేనాటికి కనీసం 19 ఏళ్లు. దవడల మధ్య ఒక మొసలి బంధువు ముంజేతికి పైనుండే హ్యూమరస్ ఎముక కూడా దొరికింది. అది తిన్న తిండే అని అనుకోవడం ఊరిస్తుంది గానీ, నీటి ప్రవాహం రెంటినీ ఒక చోట చేర్చలేదని ఖాయంగా చెప్పడం కష్టం. వర్గీకరణ చేసేవాడికి దీనిలో అంతకన్నా విలువైనది ఉంది: తల భాగాలు, చెయ్యి, కాలు, వెన్నుపూసలు ఒకే జంతువువి, అదీ ఎదిగిన జంతువువి. పిల్ల తల, ఇంకో జాతి మెదడు పెట్టె, వేరే చోటి చెయ్యి కలిపి ఒక వరస నింపాల్సిన అవసరం ఇక్కడ తగ్గుతుంది.

నా పట్టికలో నేను పాటించే పద్ధతి ఇది. మెగారాప్టర్ హోలోటైప్, 2004 నమూనా, 2014 పిల్ల నమూనా మూడింటికీ మూడు వేర్వేరు వరసలు పెడతాను. కలిపిన వరసను నాలుగోదిగా విడిగా నడుపుతాను. కలిపిన వరసకు వచ్చిన చోటు విడి వరసలకు రాకపోతే, ఆ చోటును నిర్ణయిస్తున్నది ఏ నమూనానో వెంటనే బయటపడుతుంది. తర్వాత పిల్ల వయసు వల్ల మారే లక్షణాలన్నిటికీ ప్రశ్నార్థకాలు పెట్టి మళ్లీ నడుపుతాను. గుంపు పేరు అడిగితే మెగారాప్టోరా అని రాస్తాను, దాని పైన కొయెలురోసారియా అని రాస్తాను, మధ్యలో టైరనోసారాయిడియా గడిని ఖాళీగా ఉంచుతాను. ఆ గడి నిండాలంటే కావలసింది ఎదిగిన మెగారాప్టర్ గుంపు జంతువు ఒకదాని మూతి చివర, దవడ కీలు దగ్గరుండే క్వాడ్రేట్ ఎముక, మెదడు పెట్టె, వీటితో పాటు అదే ఒంటికి అతికి ఉన్న బొటనవేలి గోరు.